వాటర్ స్ట్రీట్ స్లైడు

వెస్ట్ హార్లో, వెర్మాంట్
అక్టోబరు 1983

అక్కకు,

ఇక్కడ ఆకులన్నీ రాలిపోయాయి. వాటిని చూడడానికి మీ వైపు నుంచి బస్సుల్లో దిగిన జనం కూడా వెళ్ళిపోయారు. మా ఊరు మళ్ళీ మా మొహాలకు మిగిలింది. మర్సియా కులాసాగానే ఉంది.

మీ ఆఫీసులో స్లైడు ప్రొజెక్టరు ఒకటి ఊరికే పడి ఉందని ఎప్పుడో అన్నావు. పడి ఉంటే ఉండనీ, ఏదో గుర్తొచ్చి రాస్తున్నాను. మా ఊరి బడిలో ఉన్నదానికి స్లైడులు మింగే జబ్బు ఉంది. పోయిన మార్చిలో ఊరి సభలో నా స్లైడు ఇరుక్కుంటే, వెన్న రాసుకునే చాకుతో పొడిచి బయటికి తీశారు. దాని మీద ఇంకా గీతలున్నాయి.

సంగతేమిటంటే, టానరీ చెరువు ఆనకట్ట విషయం వచ్చే మార్చిలో ఈసారి కూడా సభ ముందుకు వస్తోంది. ఆ కట్ట నీకు తెలియనిది కాదు. తోళ్ళ ఫ్యాక్టరీ కోసం తాత కాలంలో మట్టీ రాళ్ళూ పోసి కట్టింది. ఫ్యాక్టరీ ఎప్పుడో పోయింది. కట్ట ఉంది, దాని వెనక నీళ్ళున్నాయి, దాని కింద వాటర్ స్ట్రీట్ ఉంది. కట్ట అడుగు నుంచి ఊట రావడం పాత సంగతే. ఇప్పుడు ఆ ఊట బురదగా వస్తోంది. లోపలి మట్టి కొట్టుకుపోతోందని దానికి అర్థం. ఇన్నేళ్ళు రోడ్ల శాఖలో ఇంజనీరుగా పనిచేసినవాడికి ఆ మాత్రం తెలుసు.

పోయినసారి అన్నీ చూపించాను. వర్షపాతం పట్టికలు, మట్టి పరీక్షలు, ప్రవాహం లెక్కలు, మొత్తం ఎనభై స్లైడులు. నాకు సమయం ఇచ్చింది భోజనాలయ్యాక. బీన్సు, హామ్, ఆపైన ఆపిల్ పై. దీపాలార్పగానే సగం ఊరు గురక పెట్టింది. చెరువు చుట్టూ నేలంతా డ్వైట్ ఫార్‌దే కదా. వాడు నోరు తెరుచుకుని నిద్రపోయి, వోటు వేళకు ఠంచనుగా లేచి వద్దన్నాడు. నిద్రపోయినవాడికీ మేలుకున్నవాడికీ మా ఊళ్ళో ఒకటే వోటు. ఇంతకన్నా మొద్దు జనాన్ని నేనెక్కడా చూడలేదు.

ఈసారి పట్టికలు ఇంకొన్ని చేరుస్తున్నాను.

ఓరిన్


హార్ట్‌ఫర్డ్, కనెటికట్
నవంబరు

ఒరేయ్ ఓరిన్,

పడి ఉంటే ఉండనీ అట! ప్రొజెక్టరు పంపమని అడగడానికి ఇంత ఉత్తరం రాశావు, అందులో ఆ అడగడం ఒక్కటే లేదు. మన ఊరివాళ్ళు ఇల్లు తగలబడుతున్నా పక్కింటివాణ్ణి నీళ్ళడగరు. ఈ ఏడు మీ బావి ఎలా ఉందండీ అని కుశలం అడుగుతారు. ప్రొజెక్టరు పార్సిల్లో వస్తుంది. కొత్త బల్బు వేసి పంపుతున్నాను.

ఇక నీ ఎనభై స్లైడుల సంగతి. డ్వైట్ ఫార్ నిద్రపోయాడని వాణ్ణి తిడుతున్నావు. వాడిలో ఉన్న ఏకైక మంచి గుణం అదేననుకుంటాను. ఆ చీకట్లో నేనుంటే ఆ ఆపిల్ పై తినే ఫోర్కుతో నిన్ను పొడిచేదాన్ని. నేనీ బీమా కంపెనీలో చేసేది ఇదే పని. పెద్ద జీతాలవాళ్ళు జనం ముందుకెళ్ళేముందు వాళ్ళ స్లైడులు నా బల్ల మీదికి వస్తాయి. నీలాంటివాళ్ళను నేను కాఫీతో పాటు రోజూ చూస్తాను. మొన్న ఒక వైస్ ప్రెసిడెంటు తెర మీద ఉన్న ప్రతి ముక్కా మాకు చదివి వినిపించాడు. మేమంతా బడికి వెళ్ళొచ్చినవాళ్ళమేనని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేరు. తెర మీద అక్షరాలుంటే మనుషులు చదువుతారు. చదివేటప్పుడు వినరు. వాళ్ళు చదివేశాక నువ్వింకా చదువుతుంటే నిన్ను వెధవను చూసినట్టు చూస్తారు.

ఇంకొకడున్నాడు. ప్రతి స్లైడుకూ, ఇది మీకు సరిగా కనపడకపోవచ్చు గానీ, అంటాడు. కనపడనిదాన్ని చూపించడం దేనికి? నువ్వు కూడా అన్నావు కదూ ఆ మాట? అనే ఉంటావు, నాకు తెలుసు.

ఒక పని చెయ్. స్లైడును చేత్తో పట్టుకుని, చెయ్యి బారుగా చాపి, కిటికీ వెలుగులో చూడు. వట్టి కంటితో చదవగలిగితే, తెర మీద వెనక వరసకు కనపడుతుంది. చదవలేకపోతే చెత్తబుట్టలో వెయ్. నీవి ఎన్ని మిగులుతాయో చూడాలని నాకు సరదాగా ఉంది. ఒక స్లైడులో ఒకటే సంగతి పెట్టు. తెరవైపు తిరిగి మాట్లాడకు, నీ వీపుకు వోటు వేసేవాళ్ళెవరూ లేరు. దీపాలన్నీ ఆర్పించకు. తెర దగ్గరివి ఆర్పితే చాలు. అన్నిటికన్నా ముందు, వాళ్ళు ఏం చెయ్యాలని నువ్వు అనుకుంటున్నావో అది మొట్టమొదటి మాటగా చెప్పు. నీ ఉత్తరం రెండుసార్లు చదివినా, ఊరు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. బాగుచెయ్యాలా? పగలగొట్టాలా? చెరువును ముద్దు పెట్టుకోవాలా?

స్లైడులు పేర్చిన కొత్త ట్రే తయారుకాగానే ముందు నాకు పంపు.

లియోనా


వెస్ట్ హార్లో
డిసెంబరు

అక్కకు,

ప్రొజెక్టరు చేరింది. బడిదానికన్నా నయం.

నీ పాఠానికి కృతజ్ఞతలు. మీ కంపెనీవాళ్ళు సముద్రపు ఒడ్డున నవ్వుతున్న కుటుంబాన్ని చూపించి చావు భయం అమ్ముతారు. ఆ విద్య నాకు అక్కర్లేదు. నాది ఇంజనీరింగు. లెక్కలకు పౌడరు పూయనక్కర్లేదు. చదవగలిగినవాడు చదువుతాడు, చదవలేనివాడు కూర్చుంటాడు.

అయినా, నువ్వు చెప్పావని చెయ్యి చాపి కిటికీ దగ్గర చూశాను. చాలావరకు బూడిదరంగు తప్ప ఇంకేం కనపడలేదు. సగానికి సగం తీసేశాను. మిగిలినవి ట్రేతో సహా పంపుతున్నాను. వాటర్ స్ట్రీట్ ఫోటో ఒకటి చేర్చాను. కట్ట మీద నిలబడి తీసింది. కట్టకూ వీధికీ ఎంత దూరమో తెలియడానికే అది. దాని మీద ఎక్కువసేపు ఆగను.

ఊరు ఏం చెయ్యాలని అడిగావు. కట్టకు కింద మట్టిని పట్టి ఆపే రాతి వడపోత వేసి, పాత గేటు మార్చాలి. ఆ పని అయ్యేదాకా చెరువు మట్టం దించి ఉంచాలి. ఇదంతా నా డెబ్బై ఆరో స్లైడులో ఉండేది.

నువ్వు నన్ను తిట్టావు కనుక ఇది కూడా విను. పోయినసారి వద్దని ముందుగా లేచింది డ్వైట్ ఫార్ కాదు. వాటర్ స్ట్రీట్ జనమే. మా సభలో వోటంటే కుర్చీలోంచి లేచి నిలబడటమే కదా, ఎవరు లేచారో అందరికీ కనపడుతుంది. వద్దనేవాళ్ళు లేవండి అనగానే ఆర్డిస్ కోబర్న్ అని ఒక పెద్దావిడ లేచింది. ఆవిడ వెనకే ఆ వీధంతా లేచింది. తమ నెత్తిన పడబోయే నీళ్ళకు తామే వోటు వేసుకున్నారు. ఎందుకని తర్వాత పోస్టాఫీసులో ఆవిణ్ణి అడిగాను. "మా కోసం ఊరు డబ్బు పెట్టిందని రేపు ఎవడో ఒకడు అంటాడు. అది మాకొద్దు" అంది. అలాంటివాళ్ళకు ఏ స్లైడు చూపిస్తావు, చెప్పు.

మర్సియా బాగుంది. క్రిస్మస్‌కు వాళ్ళ చెల్లెలొస్తోంది.

ఓరిన్


హార్ట్‌ఫర్డ్
జనవరి

ఓరిన్,

మధ్యాహ్నం కాన్ఫరెన్సు గది తలుపేసుకుని నీ ట్రే మొత్తం చూశాను.

మూడో స్లైడు తలకిందులుగా ఉంది. ఎడమ కింది మూల ఎర్ర చుక్క పెట్టుకుంటే ఈ ఖర్మ పట్టదని ఈ పని మొదలుపెట్టిన మొదటి రోజే నేర్పుతారు. నేనది తిరగేసి కూడా చూశాను. అప్పుడూ అర్థం కాలేదు. కట్ట అడ్డకోత బొమ్మ మీద ఎన్ని బాణాలు గీశావురా! అక్కడేదో యుద్ధం జరుగుతున్నట్టుంది. మట్టి పరీక్షల స్లైడులో నాకు తెలిసిన మాట ఒక్కటే, అది నీ పేరు. ఇక చివరిది. చెరువు మీద సూర్యాస్తమయం, దానిపైన ధన్యవాదాలు. ఈ చెరువు మనల్ని ముంచుతుందని చెప్పి, ఆఖర్న దాని అందం చూపిస్తావా? డ్వైట్ ఫార్ ఆ బొమ్మ నీ దగ్గర కొనుక్కుని గోడకు తగిలించుకుంటాడు. ఇంత తెలివి ఏ కాలేజీలో నేర్పారు నీకు?

ఇలా తిట్టుకుంటూనే వాటర్ స్ట్రీట్ ఫోటో దగ్గరికొచ్చాను. ఆగాను. బాగుంది. ట్రే మొత్తంలో మనిషి తీసినట్టున్నది అదొక్కటే. కట్ట అంచు కింద ఇళ్ళు, పొగగొట్టాలు, దండేల మీద దుప్పట్లు. చెయ్యి చాపితే అందేట్టున్నాయి. తెర దగ్గరికి నడిచి వెళ్ళాను.

ఆ దుప్పట్ల ఇంట్లోనే, పై అంతస్తు వసారా కమ్మీ మీద ఒక కోటు ఆరేసి ఉంది. ఎరుపూ నలుపూ గళ్ళ వేటకోటు. ఎడమ మోచేతికి ఆకుపచ్చ మాసిక. ఆ మాసిక అమ్మ వేసింది. ఎర్ర గుడ్డ దొరక్క ఆకుపచ్చది వేస్తే, జింకలకు రంగులు తెలియవులే అన్నాడు నాన్న. నాన్న పోయాక ఆ కోటు నువ్వు తీసుకున్నావు.

నువ్వూ మీ ఆవిడా ఉండే ఇల్లు కొండ మీద, చర్చికి పైన ఉంది కదా. ఆ కోటు వాటర్ స్ట్రీట్‌లో ఏం చేస్తోంది?

తిన్నగా జవాబు రాయి. పట్టికలు వద్దు.

లియోనా


వెస్ట్ హార్లో
జనవరి

అక్కకు,

ఆ కోటు నాదే. ఆ పై వాటా కూడా నేనుంటున్నదే. కింద ఆర్డిస్ కోబర్న్ ఉంటుంది. రెండు చలికాలాలైంది వచ్చి. కొండ మీది ఇల్లు మర్సియాకు వదిలేశాను. మర్సియా కులాసాగా ఉందని రాశాను. అది నిజమే. నాతో ఉందా అని నువ్వు అడగలేదు.

మా ఉత్తరాలన్నీ పోస్టాఫీసు పెట్టెకే వస్తాయి కనుక నీకు తెలిసే దారి లేదు. ఊళ్ళో మాత్రం అందరికీ తెలుసు. ఇప్పుడర్థమైందా ఆ పట్టికలెందుకో? ఓరిన్ ప్రౌటీ లేచి, వాటర్ స్ట్రీట్ మునుగుతుంది బాబోయ్ అంటే వాళ్ళకేం వినపడుతుంది? తన గది తడవకుండా ఊరి డబ్బుతో గోడ కట్టించుకుంటున్నాడని వినపడుతుంది. లెక్కలైతే ఎవరి తరఫునా మాట్లాడవు. అందుకే లెక్కలు చూపించాను. దీపాలు కూడా నేనే ఆర్పించాను.

ఆర్డిస్ గారిని నేనేమీ అనలేను. భర్త పోయినప్పుడు ఇరుగుపొరుగు తెచ్చిన కూరగిన్నెల్లో, ఆవిడ తిరిగి అంతకన్నా పెద్ద కూరలు చేసి పంపిందట. ఎవరికీ బాకీ ఉండదు. నేను మెట్ల మీద మంచు తీస్తే, మర్నాడు నా తలుపు ముందు రొట్టె ఉంటుంది. ఆ మెట్ల దగ్గర తప్ప మేమిద్దరం పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

అక్కణ్ణుంచి వచ్చెయ్యమని రాస్తావు. రాయకు. కట్ట సంగతి తెలిసినవాణ్ణి నేనే మూట కట్టుకుని దిగిపోతే, ఆ వీధికి నేనేం చెప్పినట్టు?

ఓరిన్


హార్ట్‌ఫర్డ్
ఫిబ్రవరి

ఒరేయ్,

వచ్చెయ్.

రాయవద్దన్నావు, రాశాను. నువ్వు రావు. సరే, ఇక తిడతాను, పడు.

నీకు సిగ్గుందా? బురద ఊరుతున్న కట్ట కింద రెండేళ్ళుగా పడుకుంటూ, నాకు చెరువు సూర్యాస్తమయం పంపుతావా? వైస్ ప్రెసిడెంట్లను మొద్దులనుకున్నాను. వాళ్ళకు చెప్పడానికి ఏమీ లేక తెర నిండా అక్షరాలు నింపుతారు. నీకు చెప్పాల్సింది ఉండి, దాని మీద పట్టికలు కప్పావు. నువ్వు వాళ్ళకన్నా పెద్ద మొద్దువు. వాళ్ళ స్లైడులకు నవ్వొస్తుంది. నీవి చూస్తే ఒళ్ళు మండుతోంది. పొద్దున్నే పేపరు తీసి ముందు వెర్మాంట్ వాతావరణం చూడాల్సిన గతి పట్టించావు నాకు. వాన అని ఉంటే ఆ రోజు ఆఫీసులో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోతున్నాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా?

నేనే వచ్చి మాట్లాడదామనుకున్నాను. ఆ ఊళ్ళో నాకు వోటు లేదు. వోటు లేనివాళ్ళు నోరు విప్పాలంటే సభ ఒప్పుకోవాలి. డ్వైట్ ఫార్ చచ్చినా ఒప్పుకోనివ్వడు. బడిలో వాడి ముక్కు పగలగొట్టింది నేనే. కనుక నువ్వే మాట్లాడాలి. ఇలా చెయ్.

భోజనాలకు ముందు సమయం ఇమ్మని సభ నడిపే మోడరేటర్ని అడుగు. అవును, నోరు తెరిచి అడుగు. స్లైడులు ఆరు చాలు. కట్ట, బురద ఊట, తుప్పు పట్టిన గేటు, వడపోత ఎలా ఉంటుందో ఒక బొమ్మ, బాగుచేసిన ఇంకో ఊరి కట్ట. ఆఖర్న వాటర్ స్ట్రీట్. మాటలేవీ తెర మీద వద్దు, అవి నీ నోట్లో ఉండాలి. వాటర్ స్ట్రీట్ వేశాక నువ్వు నోరు మూసుకో. మాట్లాడాలని నాలుక దురద పెడుతుంది, పెట్టనీ. వాళ్ళ కళ్ళే ఇల్లిల్లూ వెతుక్కుంటాయి. ఆ తర్వాతి గడిలో, ఫిల్ము బదులు నల్ల అట్టముక్క బిగించిన స్లైడు పెట్టు. తెర నల్లబడుతుంది. అప్పుడు దీపాలు వేయించు. వోటు దీపాల వెలుగులో జరగాలి. లేవనివాళ్ళు ఆ వీధివాళ్ళ మొహాలు చూస్తూ కూర్చోవాలి.

ఆర్డిస్‌ను పట్టించుకోకు. ఆ బొమ్మ చూస్తే రాయి కూడా కరుగుతుంది. ఈ ఒక్క విషయంలో నా మాట విను. ఇది నా పని.

లియోనా


వెస్ట్ హార్లో
మార్చి 1984

అక్కకు,

సభ మొన్న మంగళవారం అయింది. అంతా జరిగినట్టే రాస్తాను.

మోడరేటరు క్లేటన్ మోరిల్‌ను భోజనాలకు ముందు సమయం అడిగాను. "అడిగితే పోయినసారే ఇచ్చేవాణ్ణి కదయ్యా" అన్నాడు. నా ముందు, మంచు తోసే బండికి కొత్త బ్లేడు కొనాలా వద్దా అని పొద్దుటంతా కొట్టుకున్నారు. అలాంటివాటి మీద మా ఊరికి ఎంత ఓపికో నువ్వు చూడాలి. తర్వాత నన్ను పిలిచారు.

తెర దగ్గరి దీపాలు మాత్రమే ఆర్పించాను. జనంవైపు తిరిగి, "చెరువు మట్టం దించి, కట్ట బాగుచెయ్యడానికి వోటు వెయ్యండి" అన్నాను. అంతే, తర్వాత స్లైడులు. ఎవరూ నిద్రపోలేదు. బురద ఊట ఫోటోకు వెనక ఎవరో "అమ్మో" అన్నారు. మా ఊళ్ళో అది ఉపన్యాసంతో సమానం. నీ విద్య పనిచేస్తోందని ఒప్పుకోవాల్సి వస్తుందేమోనని విసుగేసింది కూడా.

వాటర్ స్ట్రీట్ వేశాను. నోరు మూసుకున్నాను. నువ్వు చెప్పినట్టే ఇల్లిల్లూ వెతుక్కున్నారు. ఉన్ని అల్లుకుంటున్న ఆడవాళ్ళ సూదులు ఆగిపోయాయి. అప్పుడు డ్వైట్ ఫార్ లేచాడు.

"మోడరేటరు గారూ, చిన్న ప్రశ్న. ఆ వీధిలో ఎవరన్నా ఇది కావాలని అడిగారా?"

 వెనక వరసలోంచి ఆర్డిస్ గారు, కూర్చునే అంది. "నేనడగలేదు. అవి నా దుప్పట్లు. ఎవర్నడిగి తీశావయ్యా వాటిని? ఊరంతటి ముందూ నా పక్కబట్టలు ఆరేస్తావా?"

సభంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "నా గురించి ఎవరూ జాలిపడనక్కర్లేదు. నా పేరు చెప్పి ఊరి పన్నూ పెంచనక్కర్లేదు" అంది. ఆ వీధివాళ్ళు తలలూపారు. డ్వైట్ ఫార్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నీ రాయి కరగలేదక్కా. ఆ బొమ్మ చూసి ఊరంతా కరిగింది. ఎవరి ఇళ్ళు అందులో ఉన్నాయో వాళ్ళు మాత్రం గడ్డకట్టారు. వాళ్ళను అడుక్కునేవాళ్ళలాగా తెర మీద నిలబెట్టింది నేనే.

మీట నొక్కాను. నల్ల అట్ట వచ్చింది. దీపాలు వెయ్యమన్నాను. తర్వాత ఏం చెప్పాలో నువ్వు రాయలేదు. నాకూ తెలియదు. నా నోట్లోంచి ఇది వచ్చింది.

"ఆర్డిస్ గారూ, నేను మీకోసం అడగడం లేదు. ఆ ఇంట్లో పై కిటికీ నాది. నాకోసం అడుగుతున్నాను. వాన పడితే నాకు భయమేస్తుంది. కట్ట తెగితే నేను పోతాను. నాకు పోవాలని లేదు. దయచేసి దాన్ని బాగుచేయించండి. ఊరిని బతిమాలుతున్నాను."

ఆ హాల్లో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. జనం నావైపు చూడలేక నేల చూపులు చూశారు. మర్సియా కిటికీలోంచి బయటికి చూసింది. డ్వైట్ ఫార్ కూడా నా తరఫున సిగ్గుపడ్డట్టు టోపీ తిప్పుకున్నాడు. అక్కడే నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఎనభై స్లైడుల వెనక రెండేళ్ళు దాక్కున్నది ఆ చూపుల నుంచే.

ఆర్డిస్ గారు అడిగింది. "అయితే ఇది నీకోసమా?"

"అవునండీ."

"నాకోసం కాదుగా?"

"కాదండీ."

"అది రాసుకో క్లేటన్. ఓరిన్‌కోసం అని రాసుకో." రాసుకో అంటూనే ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

"ఆర్డిస్, నేనింకా వోటుకు పిలవలేదు" అన్నాడు క్లేటన్.

"లేచాను కదా. కూర్చుని మళ్ళీ లేవడం నా మోకాళ్ళ వల్ల కాదు. నువ్వే త్వరగా పిలువు."

పిలిచాడు. వాటర్ స్ట్రీట్ మొత్తం లేచింది. ఒకాయన పక్కవాడికి సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాడు, "కుర్రాడు భయపడుతున్నాడట పాపం" అని. నాకు నలభై తొమ్మిదేళ్ళు. తర్వాత మధ్య వరసలు లేచాయి, ఆ తర్వాత తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు చేతులెత్తారు. లెక్కపెట్టే పనే లేకపోయింది. మర్నాడే గేటు ఎత్తారు. చెరువు సగానికి దిగింది. నేల గట్టిపడగానే కట్ట పని మొదలవుతుంది.

ఇక నా పరువు సంగతి నువ్వే ఊహించుకో. దుకాణంలో డ్వైట్ ఫార్ నలుగురి ముందూ "భయం తగ్గిందా ఓరిన్?" అని అడుగుతున్నాడు. పోస్టాఫీసులో పిల్లలు కూడా నన్ను చూసి నవ్వుతున్నారు. ఊరిని నోరు తెరిచి అడిగినవాడినని నేను పోయాక కూడా చెప్పుకుంటారు. వాటర్ స్ట్రీట్‌లో ఒక్క ప్రాణి కూడా ఆ కట్ట తనకు అవసరమైందని ఇప్పటికీ ఒప్పుకోదు. వాళ్ళంతా నాకు ఉపకారం చేసి ఊరుకున్నవాళ్ళు.

సభ రోజు సాయంత్రం కింద నుంచి ఆర్డిస్ గారు చీపురుకర్రతో నా గది నేలను పొడిచింది. దిగి వెళ్ళాను. బల్ల మీద రెండు పళ్ళేలున్నాయి. "దుంపలు ఎక్కువ ఉడికాయి, పారెయ్యాలి" అంది. కూర్చున్నాను. ఇద్దరం తిన్నాం. "నీ మూలాన నా పన్ను పెరిగింది" అని, ఇంకో దుంప నా పళ్ళెంలో వేసింది.

ఓరిన్